నిన్న నడిచిన బిల్డ్ ఇవాళ ఎందుకు ఆగింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లు నడిపేవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే మాట అడుగుతున్నాయి: టూల్స్ వెర్షన్ పెంచాలి, బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా కట్టే పని) మాత్రం ఆగకూడదు. ఊరూ పనీ వేరైనా చిక్కు ఒక్కటే కాబట్టి అన్నిటినీ ఒకచోట పెట్టాం.

విజయనగరం నుంచి: మాది ఐదుగురి టీమ్. స్కూళ్ల ఫీజుల ఆండ్రాయిడ్ యాప్ చేస్తాం. ప్లే స్టోర్ ఏపీఐ 35 అడుగుతోంది. మా దగ్గర ఉన్నది ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 7.2, గ్రేడిల్ 7.3.3 (యాప్‌ను కట్టే టూల్), జేడీకే 11 (జావా టూల్స్ మూట). మావాడొకడు ఒకే రోజు అన్నీ మార్చేశాడు. తెర నిండా ఎర్ర గీతలే, ఏది దేనివల్ల వచ్చిందో తెలియడం లేదు. స్టూడియోలో నడిచేది కూడా బిల్డ్ సర్వర్ మీద ఫెయిల్ అవుతోంది.

ముందు మీవాడు చేసిన మార్పులన్నీ రివర్ట్ చేసి, పాత బిల్డ్ సర్వర్ మీద పచ్చగా వచ్చేదాకా ఆగండి. ఒక దెబ్బకు రెండు పిట్టలు కొట్టాలన్న తొందర ఈ పనికి పనికిరాదు. రెండు టూల్స్ కలిపి మార్చి ఎర్రర్ వస్తే, తప్పు ఏ టూల్‌దో తేల్చడానికి ఎలాగూ ఒకదాన్ని వెనక్కి తీయాల్సిందే.

స్టూడియోలో నడిచి సర్వర్ మీద ఎందుకు నడవలేదో చూద్దాం. ఆండ్రాయిడ్ స్టూడియో తనతోపాటు వచ్చిన సొంత జేడీకేతో గ్రేడిల్‌ను నడుపుతుంది. సర్వర్ మాత్రం జావా హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూపించిన జేడీకేను తీసుకుంటుంది. ఆ రెండూ ఒకటేనని ఎవరూ హామీ ఇవ్వలేదు. అందుకని సర్వర్ మీద ప్రతి బిల్డ్‌లో మొట్టమొదటి పనిగా గ్రేడిల్ ర్యాపర్‌ను (ప్రాజెక్టులోనే ఉండి గ్రేడిల్‌ను దించి నడిపే స్క్రిప్ట్) వెర్షన్ ఆప్షన్‌తో నడిపించి, ఆ లైన్లన్నీ లాగ్‌లో పడేలా చేయండి. ఏ గ్రేడిల్, ఏ జేవీఎం (జావా ప్రోగ్రాంలను నడిపేది) అన్నది కళ్లముందే ఉంటుంది. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

ఇక మెట్లు. ఒక్కో మెట్టూ విడి కమిట్ కావాలి. సర్వర్ మీద క్లీన్ బిల్డ్, టెస్టులు, సైన్ చేసిన రిలీజ్ ఏపీకే మూడూ వచ్చాకే తర్వాతి మెట్టు ఎక్కండి.

మొదటి మెట్టు: జేడీకే 11ను కదపకుండా గ్రేడిల్‌ను 7.6.4కు, ప్లగిన్‌ను 7.4.2కు తీసుకెళ్లండి. ప్లగిన్ కదలాలంటే గ్రేడిల్ కూడా కదలక తప్పదు, ఎందుకంటే ప్లగిన్ 7.4కు కనీసం గ్రేడిల్ 7.5 కావాలి. 7.6.4 అన్నది 7వ వరసలో చివరి అంచెకు చెందిన వెర్షన్. 8లో తీసేయబోయే వాటి గురించి అదే ముందుగా హెచ్చరిస్తుంది. వార్నింగ్ మోడ్‌ను ఆల్‌గా పెట్టి ఒకసారి నడపండి, ఏ స్క్రిప్టులో ఏ లైన్ పాతబడిందో చెబుతుంది. ఆ వార్నింగులన్నీ ఇక్కడే తీర్చేయండి. ర్యాపర్ మార్చేటప్పుడు ప్రాపర్టీస్ ఫైల్‌లో వెర్షన్ నంబరును చేత్తో దిద్ది వదిలేయకుండా ర్యాపర్ టాస్క్‌నే రెండుసార్లు నడపండి. మొదటిసారి ప్రాపర్టీస్ మారుతుంది, రెండోసారి కొత్త గ్రేడిల్ వచ్చి ర్యాపర్ జార్‌ను కూడా మారుస్తుంది. అదే ఫైల్‌లో డిస్ట్రిబ్యూషన్ షా-256 సమ్ కూడా రాసిపెడితే, దిగిన జిప్ సగంలో తెగినా ఎవరైనా మార్చినా బిల్డ్ అక్కడికక్కడే ఆగుతుంది.

రెండో మెట్టులో జేడీకేను మాత్రమే 17 చేయండి, మిగతావేవీ ముట్టుకోవద్దు. గ్రేడిల్ 7.3 నుంచి జావా 17 మీద నడుస్తుంది కాబట్టి మీకు అడ్డులేదు. ఇంతకంటే పాత గ్రేడిల్ ఉన్నవాళ్లకు ఇక్కడే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61’ అని వస్తుంది. ఆ నంబరు చూసి బెదిరిపోనక్కర్లేదు: జావా 8కి 52, జావా 11కి 55, జావా 17కి 61, జావా 21కి 65. ‘వచ్చిన క్లాస్ జావా 17ది, చదువుతున్న నేను అంతకంటే పాతదాన్ని’ అని టూల్ మొరపెట్టుకుంటోందన్నమాట.

మూడో మెట్టు కోట్లిన్. దాన్ని 1.9.20కి పెంచండి. స్క్రీన్లు కట్టడానికి కంపోజ్ వాడుతుంటే ఈ వరసలో కంపోజ్ కంపైలర్ వెర్షన్ కూడా కోట్లిన్‌కు సరిపడేదే ఉండాలి, లేకపోతే వెంటనే అభ్యంతరం చెబుతుంది. జావా కంపైల్ టార్గెట్ 11, కోట్లిన్ టార్గెట్ 17 అయిపోయి రెండూ పొసగడం లేదన్న ఎర్రర్ కూడా ఈ చుట్టుపక్కలే తగులుతుంది. ప్లగిన్ 8.1కు ముందు జేవీఎం టూల్‌చెయిన్ ఒక్కటే రాస్తే చాలదు, జావా టార్గెట్, కోట్లిన్ టార్గెట్ రెండిటినీ విడిగా 17 అని రాయండి.

నాలుగోది ప్లగిన్ 8.0, గ్రేడిల్ 8.0. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ప్లగిన్ 8.0లో డిఫాల్టులు మారాయి. మ్యానిఫెస్ట్‌లోని ప్యాకేజీ పేరు ఇక చెల్లదు, ప్రతి మాడ్యూల్ బిల్డ్ ఫైల్‌లో నేమ్‌స్పేస్ రాయాలి. బిల్డ్ కాన్ఫిగ్ క్లాస్ దానంతట అది పుట్టదు, బిల్డ్ ఫీచర్స్‌లో ఆన్ చేసుకోవాలి. ఆర్ క్లాస్ నాన్-ట్రాన్సిటివ్ అయింది, అంటే లైబ్రరీలోని రిసోర్సును యాప్ ప్యాకేజీ పేరుతో పిలిస్తే దొరకదు. ఈ మూడూ కంపైల్ దగ్గరే దొరికిపోతాయి కాబట్టి మంచివే.

నాలుగో మార్పే దొంగది. ఆర్8 (రిలీజ్ ఏపీకే నుంచి వాడని కోడ్‌ను కోసేసే టూల్) ఫుల్ మోడ్ డిఫాల్ట్‌గా ఆన్ అయింది. బిల్డ్ పచ్చగా వస్తుంది, డీబగ్ ఏపీకే చక్కగా నడుస్తుంది. రిలీజ్ ఏపీకేలో మాత్రం జీసన్ లైబ్రరీతో చదివే క్లాసులు ఖాళీగా వస్తాయి, లేదా యాప్ కూలిపోతుంది. రిఫ్లెక్షన్‌తో మాత్రమే వాడే క్లాసును ఆర్8 ‘ఎవరూ వాడటం లేదు’ అనుకుని కోసేస్తుంది. గ్రేడిల్ ప్రాపర్టీస్‌లో ఫుల్ మోడ్‌ను ఫాల్స్ చేసి ఈ మెట్టు దాటండి, తర్వాత కీప్ రూల్స్ రాసుకుని విడిగా ఆన్ చేయండి. రిలీజ్ ఏపీకేను ఫోన్‌లో వేసి, లాగిన్ అయి, ఒక ఫీజు రసీదు తెరిచి చూసేదాకా ఈ మెట్టు పూర్తయినట్టు కాదు.

చివరిది ప్లగిన్ 8.6, గ్రేడిల్ 8.7, ఆ తర్వాత కంపైల్ ఎస్‌డీకే 35. టార్గెట్ ఎస్‌డీకే 35 చేయడం టూల్ పని కాదు, యాప్ ప్రవర్తనే మారుతుంది. ఆండ్రాయిడ్ 15లో స్క్రీన్ అంచుదాకా బొమ్మ పాకి, మీ బటన్లు నావిగేషన్ బార్ కిందికి పోతాయి. దాన్ని టెస్టింగ్‌తో సహా విడి పనిగా పెట్టుకోండి.

పలాస నుంచి: జీడిపప్పు వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం, పైథాన్‌లో. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ సర్వర్ల మీద బిల్డ్ నడిపే సేవ) బిల్డ్. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, అయినా ఒక సోమవారం నుంచి ‘డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదు’ అంటోంది. ఏమీ మార్చకపోతే ఎలా పోతుంది?

మీరు మార్చలేదు సరే, మీ కింద నేల మారింది. మీ వర్క్‌ఫ్లో ఫైల్‌లో రన్స్-ఆన్ ఎదురుగా ఉబుంటు-లేటెస్ట్ అని ఉండి ఉంటుంది. అది వెర్షన్ కాదు, ఒక చూపుడువేలు. 2024 చివర్నుంచి 2025 జనవరి లోపు అది 22.04 నుంచి 24.04కు దశలవారీగా తిరిగింది. 22.04లో ఉన్న పైథాన్ 3.10, 24.04లో ఉన్నది 3.12. ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్ డిస్ట్‌యుటిల్స్‌ను 3.12లో తీసేశారు. పాత సెటప్ స్క్రిప్టులున్న ప్యాకేజీలు, పాత నోడ్-జిప్ (నోడ్ నేటివ్ మాడ్యూళ్లు కట్టే టూల్) అన్నీ దాన్నే అడుగుతాయి.

ఇవాళ్టికి బిల్డ్ లేవాలంటే ఉబుంటు-22.04 అని నంబరుతో రాయండి. సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే డిస్ట్‌యుటిల్స్ పేరుతో ఒక నకలు దొరుకుతుంది, కానీ అది ఊతకర్ర. అసలు మందు ఆ ప్యాకేజీలను 3.12 తెలిసిన వెర్షన్లకు పెంచడం. నంపై వాడుతుంటే 1.26కు ముందువాటికి 3.12 కోసం తయారుచేసిన వీల్ (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీ) ఉండదు. పిప్ సోర్స్ నుంచి కట్టబోయి పేజీలకొద్దీ సీ ఎర్రర్లు పోస్తుంది. ఉబుంటు 24.04లో సిస్టమ్ పైథాన్ మీదే నేరుగా పిప్ నడిపితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని కూడా ఆపుతుంది. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టి దాన్ని దాటమని చాలామంది సలహా ఇస్తారు. వినకండి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి, రెండు లైన్ల పని.

పైథాన్ వెర్షన్ రాసేటప్పుడు ఒక గొయ్యి ఉంది. యామల్ ఫైల్‌లో కోట్స్ లేకుండా 3.10 అని రాస్తే యామల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదివి చివరి సున్నా మింగేస్తుంది. మిగిలేది 3.1. ‘పైథాన్ 3.1 దొరకలేదు’ అన్న ఎర్రర్ చూసి గంటలు పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వెర్షన్లన్నీ కోట్స్‌లోనే రాయండి.

వర్క్‌ఫ్లోలో వాడే ఇతరుల యాక్షన్లకూ ఇదే నీతి. వీ4 లాంటి ట్యాగ్‌ను దాని యజమాని ఎప్పుడైనా ఇంకో కమిట్ మీదికి జరపగలడు. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌కు ఇదే జరిగింది: చొరబడ్డవాళ్లు పాత ట్యాగుల్లో చాలావాటిని ఒక విషపు కమిట్ మీదికి తిప్పారు, అది రహస్య కీలను బిల్డ్ లాగుల్లో పోసింది. 40 అక్షరాల పూర్తి కమిట్ హ్యాష్‌తో పిన్ చేసుకున్నవాళ్ల బిల్డులు పాత కమిట్ దగ్గరే ఉండిపోయాయి.

పిన్ చేశాం కదా అని నిద్రపోవడానికీ లేదు. ఉబుంటు-20.04 లేబుల్‌ను 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు. దానికి పిన్ చేసి మరిచిపోయినవాళ్లకు ఆ తర్వాత రన్నరే దొరకలేదు. అందుకని అసలు బిల్డ్ పిన్ మీద నడుస్తుంటే, పక్కన రోజూ రాత్రి ఇంకొక బిల్డ్ లేటెస్ట్ మీద నడవనివ్వండి. దానికి కంటిన్యూ-ఆన్-ఎర్రర్ పెడితే అది ఫెయిలైనా ఎవరి పనీ ఆగదు. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేసినట్టు, గాలి ఎటు తిరుగుతోందో అది ముందే చెబుతుంది. అది ఎర్రబడ్డ వారంలోపు కారణం చూసి రాసిపెట్టుకోండి, రెండు వారాలు పట్టించుకోకపోతే ఆ సూచికను ఇక ఎవరూ చూడరు.

ఆమదాలవలస నుంచి: రైతులకు తెలుగులో ఎస్ఎంఎస్‌లు పంపే జావా సర్వీస్ మాది. బిల్డ్‌ను ఒక డెస్క్‌టాప్ మీంచి డాకర్ కంటెయినర్‌లోకి (ప్రోగ్రాంనూ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన పెట్టె) మార్చాం, జేడీకే 17 అలాగే ఉంచాం. టెస్టులన్నీ పాసయ్యాయి. మెసేజ్‌లో మాత్రం తెలుగు బదులు ప్రశ్నార్థకాలు.

ముందు ఆ ప్రశ్నార్థకాలను లెక్కపెట్టండి. వేళాకోళం కాదు, జబ్బు ఎక్కడుందో ఆ లెక్కే చెబుతుంది.

‘శ్రీకాకుళం’ అన్న మాటను తీసుకోండి. శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. యూనికోడ్‌లో ఇవి 10 కోడ్‌పాయింట్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 30. ఇప్పుడు మీ ఎస్ఎంఎస్‌లో ఆ ఊరి పేరు ఉండాల్సిన చోట 30 ప్రశ్నార్థకాలు ఉంటే, కంపైలర్ మీ సోర్స్ ఫైల్‌ను చదవడంలోనే పొరబడింది: ఒక్కో బైటునూ ఒక్కో అక్షరం అనుకుంది. 10 మాత్రమే ఉంటే స్ట్రింగ్ లోపల క్షేమంగానే ఉంది, బయటికి రాసేటప్పుడు పోయింది. ప్రశ్నార్థకాలు కాకుండా నెత్తిమీద గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు వరసగా వస్తుంటే, యూటీఎఫ్-8 బైట్లను ఎవరో విండోస్-1252గా చదివారని అర్థం. తెలుగు అక్షరాల మొదటి రెండు బైట్లు ఆ పట్టికలో సరిగ్గా అలాగే కనిపిస్తాయి.

కారణం జేడీకే కాదు, కంటెయినర్. జావా 17 దాకా డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ లొకేల్ నుంచి తీసుకునేవారు. మీ డెస్క్‌టాప్‌లో లాంగ్ వేరియబుల్ యూటీఎఫ్-8 అని ఉంటుంది. సన్నని డాకర్ ఇమేజ్‌లలో చాలావాటికి అది ఖాళీ. ఖాళీగా ఉంటే పోసిక్స్ లొకేల్, అంటే ఆస్కీ. ఆస్కీలో తెలుగుకు చోటు లేదు. జావా 18 నుంచి డిఫాల్టే యూటీఎఫ్-8 అయింది. అందుకే 21కు మారిన కొందరికి ఈ జబ్బు మందు వేయకుండానే తగ్గినట్టు కనిపిస్తుంది.

చేయాల్సినవి నాలుగు, నాలుగూ చేయండి. గ్రేడిల్‌లో జావా కంపైల్ టాస్కులకు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి (మావెన్ అయితే ప్రాజెక్ట్ బిల్డ్ సోర్స్ ఎన్‌కోడింగ్ ప్రాపర్టీ). ఇది 30 ప్రశ్నార్థకాల మందు. సర్వీస్ నడిపే జావాకు ఫైల్ ఎన్‌కోడింగ్ ఆప్షన్ యూటీఎఫ్-8 ఇవ్వండి, ఇది 10 ప్రశ్నార్థకాల మందు. డాకర్‌ఫైల్‌లో లాంగ్‌ను సీ.యూటీఎఫ్-8 చేయండి. కోడ్‌లో క్యారెక్టర్ సెట్ చెప్పకుండా గెట్ బైట్స్, ఫైల్ రీడర్ వాడిన చోట్లను వెతికి, చెప్పి వాడేలా మార్చండి.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదంటారా? టెస్ట్ ఫైల్‌నూ అదే కంపైలర్ అలాగే తప్పు చదివింది. తప్పును తప్పుతో పోలిస్తే సమానమే వస్తుంది. అందుకని ఒక టెస్టులో మాటను తెలుగులో కాకుండా యూనికోడ్ ఎస్కేప్ నంబర్లతో రాసి, సోర్స్‌లోని తెలుగు మాటతో పోల్చండి. లేదా స్ట్రింగ్ పొడవు 10 అవునో కాదో అడగండి. 30 వచ్చిందంటే బిల్డ్ అక్కడే ఆగాలి. ఆ టెస్టును ఇక ఎప్పటికీ తీయకండి, తర్వాత ఏ ఇమేజ్ మార్చినా అదే కాపలా.

శ్రీకాకుళం నుంచి: ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ మీద ఉబుంటు, దాని మీద జెంకిన్స్ 2.319 (బిల్డులను తనంతట తానే నడిపే సర్వర్). నాలుగేళ్లుగా ముట్టుకోలేదు. సెక్యూరిటీ హెచ్చరికలు వస్తున్నాయి. దాన్ని కదపడమంటే తేనెతుట్టె కదిపినట్టే అని మా సీనియర్ భయం. పైగా మా ప్రాజెక్టుల్లో ఒకటి ఇంకా జావా 8 మీదే ఉంది.

సీనియర్ భయంలో అర్థముంది, కానీ జావా 8 ప్రాజెక్టు గురించి బెంగ అక్కర్లేదు. జెంకిన్స్ నడవడానికి కావాల్సిన జావా వేరు, మీ ప్రాజెక్టు కంపైల్ అయ్యే జావా వేరు. మెషీన్ మీద రెండూ ఉంచండి. జెంకిన్స్ టూల్స్ పేజీలో జేడీకే 8 దారిని పేరుపెట్టి నమోదు చేసి, ఆ జాబ్ దాన్నే తీసుకునేలా పైప్‌లైన్‌లో రాయండి. ఒక్క మావెన్ ప్రాజెక్ట్ అనే పాతరకం జాబ్ మాత్రం ఇక్కడ తిప్పలు పెడుతుంది, ఎందుకంటే అది జెంకిన్స్ సొంత కోడ్‌ను మీ బిల్డ్ జావాలోనే నడపబోతుంది. దాన్ని మామూలు ఫ్రీస్టైల్‌కో పైప్‌లైన్‌కో మార్చండి.

దారిలో మూడు మలుపులు ఉన్నాయి. మొదటిది 2.332.1. అక్కడ ఉబుంటు ప్యాకేజీ పాత ఇనిట్ స్క్రిప్ట్ వదిలి సిస్టమ్‌డీకి మారింది. అంతకుముందు డిఫాల్ట్ డైరెక్టరీలోని జెంకిన్స్ ఫైల్‌లో మీరు రాసుకున్న పోర్టు, మెమరీ సెట్టింగులను సిస్టమ్‌డీ పట్టించుకోదు. అవి కొత్తచోటికి చేరకపోతే జెంకిన్స్ లేస్తుంది, కానీ 8080 మీద. మీరు పాత పోర్టు తెరిచి ‘పోయింది’ అనుకుంటారు. ఆ విలువలను సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఓవర్‌రైడ్ ఫైల్‌లోకి ముందే ఎక్కించుకోండి. రెండో మలుపు 2.361.1, దానికి కనీసం జావా 11. మూడోది 2.479.1, దానికి జావా 17. ఏజెంట్ మెషీన్లు ఉంటే వాటి మీద కూడా అదే జావా ఉండాలి. లేకపోతే ఏజెంట్ లాగ్‌లో ఇందాకటి నంబర్లే కనిపిస్తాయి: ‘క్లాస్ 61, నాకు 55 దాకానే తెలుసు’.

అసలు పని నకలు మీద చేయండి. జెంకిన్స్‌ను ఆపి హోమ్ డైరెక్టరీని మొత్తం కాపీ చేసుకోండి, వర్క్‌స్పేస్ ఫోల్డర్ మాత్రం వదిలేయొచ్చు. సీక్రెట్స్ ఫోల్డర్ మరిచిపోతే మిగతాదంతా ఉన్నా పాస్‌వర్డులు, కీలు విప్పడం కుదరదు. ప్లగిన్ల పేర్లు, వెర్షన్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి దించి గిట్‌లో పెట్టండి. తర్వాత ఆ కాపీని ఇంకొక మెషీన్ మీద, లేదా డాకర్‌లో వేరే పోర్టు మీద లేపండి.

లేపేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ నకలుకు మీ అసలు జెంకిన్స్‌కు తెలిసినవన్నీ తెలుసు. రాత్రి రెండింటికి డిప్లాయ్ చేసే జాబ్ ఉంటే అదీ లేచి, కస్టమర్ సర్వర్ మీదికి తోసేస్తుంది. కాబట్టి నకలు మెషీన్‌కు బయటి నెట్‌వర్క్ కట్ చేయండి, కాన్ఫిగ్ ఫైల్‌లో ఎగ్జిక్యూటర్ల సంఖ్యను 0 చేయండి. అప్పుడు జెంకిన్స్ లేచిందా, జాబులు కనిపిస్తున్నాయా, ‘మేనేజ్’ పేజీలో పాత డేటా ఎర్రర్లు ఉన్నాయా చూసుకోండి. తర్వాత ప్లగిన్లకు సరిపడా నెట్ తెరిచి వాటిని పెంచి, ఒక ఎగ్జిక్యూటర్ ఇచ్చి, డిప్లాయ్ లేని జాబ్ ఒకటి చేత్తో నడపండి. కోర్ పెంచి ప్లగిన్లను పాతవే వదిలేస్తే లేచినట్టే లేచి జాబ్ పేజీలు తెరుచుకోవు. నాలుగేళ్ల తేడాకు ఇదే ఎక్కువమందికి తగిలేది.

అసలు మెషీన్ మీద చేసేరోజు కరెంటు సంగతి చూసుకోండి. యూపీఎస్ బ్యాటరీ అరగంటైనా ఆగుతుందో లేదో ముందురోజు ప్లగ్ తీసి పరీక్షించండి. ప్లగిన్లు రాస్తుండగా మెషీన్ ఆరిపోతే సగం రాసిన ఫైళ్లు మిగులుతాయి, అప్పుడు బ్యాకప్పే దిక్కు. ఆ బ్యాకప్ కూడా అదే డిస్కులో ఉంటే బ్యాకప్ లేనట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని కుదిపేశాక ఎన్ని ఊళ్లు రోజులకొద్దీ చీకట్లో ఉన్నాయో మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక కాపీ జిల్లా బయట ఉండనివ్వండి.

బొబ్బిలి నుంచి: నోడ్ 16 నుంచి 20కి మారాం. ఒకడి దగ్గర బిల్డ్ అవుతుంది, ఇంకొకడి దగ్గర కాదు. సర్వర్ ఒకరోజు అవునంటుంది, ఒకరోజు కాదంటుంది.

సర్వర్ మీద ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు దించే టూల్) ఇన్‌స్టాల్ నడుపుతున్నారేమో చూడండి. అది ప్యాకేజ్ ఫైల్‌కూ లాక్ ఫైల్‌కూ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో కచ్చితంగా రాసి ఉంచేది) తేడా కనిపిస్తే లాక్ ఫైల్‌నే తిరగరాసి ముందుకు పోతుంది. ఎన్‌పీఎం సీఐ అలా కాదు: నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను చెరిపేసి, లాక్‌లో ఉన్నదే దించుతుంది, తేడా ఉంటే ఆగిపోతుంది. సర్వర్ మీద అదొక్కటే వాడాలి.

‘నోడ్ మాడ్యూల్ వెర్షన్ 93, కావాల్సింది 115’ అని వస్తుంటే, నోడ్ 16లో కట్టిన నేటివ్ మాడ్యూల్‌ను క్యాష్ (పాత బిల్డుల నుంచి దాచి ఉంచిన ఫైళ్లు) నుంచి తెచ్చి నోడ్ 20కి ఇస్తున్నారు. క్యాష్ కీలో లాక్ ఫైల్ హ్యాష్‌తోపాటు నోడ్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు కూడా చేర్చండి. ఈ ఒకరోజు అవును, ఒకరోజు కాదు రోగానికి చాలాసార్లు క్యాషే మూలం.

వెబ్‌ప్యాక్ 4 ఉంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ‘ఈవీపీ అన్‌సపోర్టెడ్’ ఎర్రర్ కూడా వచ్చి ఉండాలి. నోడ్ 17 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వచ్చింది, వెబ్‌ప్యాక్ 4 వాడే ఎండీ4 హ్యాష్‌కు అందులో మామూలుగా చోటు లేదు. లెగసీ ప్రొవైడర్ ఆప్షన్‌తో నెట్టుకురావచ్చు, కానీ ఆ లైన్ పక్కన తీసేసే తేదీ రాసుకోండి. వెబ్‌ప్యాక్ 5కు వెళ్లడమే దారి.

టెక్కలి నుంచి: కాలేజీ ల్యాబులో 60 మంది విద్యార్థులు డాకర్‌తో బిల్డులు నడుపుతారు. పొద్దున బాగుంటుంది, పదకొండు దాటాక ‘టూ మెనీ రిక్వెస్ట్స్’.

డాకర్ హబ్ 2020 నవంబరు నుంచి లాగిన్ లేని డౌన్‌లోడ్లకు హద్దు పెట్టింది: ఒక ఐపీ అడ్రసుకు 6 గంటల్లో 100. మీ కాలేజీ మొత్తం బయటికి ఒకే ఐపీతో వెళ్తుంది కాబట్టి 60 మందికీ కలిపి ఆ వందే. ల్యాబులో ఒక మెషీన్ మీద రిజిస్ట్రీ ఇమేజ్‌ను ప్రాక్సీ రూపంలో నడిపి, మిగతా మెషీన్ల డాకర్ డెమన్ కాన్ఫిగ్‌లో రిజిస్ట్రీ మిర్రర్‌గా దాని అడ్రసు రాయండి. ఒకరు దించింది మిగతావాళ్లకు లోపలి నుంచే వస్తుంది, నెట్ కూడా మిగులుతుంది. డాకర్‌ఫైళ్లలో లేటెస్ట్ అన్న మాట తీసేయించండి, ట్యాగ్ పక్కన షా-256 డైజెస్ట్ కూడా రాయిస్తే సెమిస్టర్ మొత్తం అందరిదీ ఒకే ఇమేజ్.

చీపురుపల్లి నుంచి: రైస్ మిల్లుల తూకం మెషీన్లకు సీలో రాసిన పాత ప్రోగ్రాం. జీసీసీ 9 నుంచి 14కు మారితే ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని కొన్ని, ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’ అని కొన్ని ఎర్రర్లు.

మొదటివి జీసీసీ 10 నుంచి వచ్చినవి. హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాస్తే పాత జీసీసీ అన్నిటినీ కలిపి ఒకటి చేసేది, ఇప్పుడు చేయదు. హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, ఒక్క సీ ఫైల్‌లో మాత్రం అసలు నిర్వచనం ఉంచండి. రెండోవి జీసీసీ 14వి: డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలవడం ఇదివరకు వార్నింగ్, ఇప్పుడు ఎర్రర్. హెడర్ చేర్చితే పోతుంది. వీటిని ఫ్లాగులతో నోరు మూయించకండి. డిక్లేర్ చేయని ఫంక్షన్ ఇంట్ ఇస్తుందని కంపైలర్ అనుకుంటుంది, నిజానికి అది డబుల్ ఇచ్చేదైతే తూకమే తప్పు చూపిస్తుంది. వార్నింగులన్నిటినీ ఎర్రర్లు చేసే ఫ్లాగ్ ఉంటే కంపైలర్ మార్చే వారం మాత్రం దాన్ని తీసి, కొత్త వార్నింగులను లెక్కపెట్టుకుని, తీర్చాక మళ్లీ పెట్టండి.

మళ్లీ విజయనగరం నుంచి: బట్టల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. దసరా, ఆ వెంటనే పైడితల్లమ్మ సిరిమానోత్సవం మాకు ఊపిరాడని రోజులు. టూల్స్ మార్చడానికి ఏడాదిలో ఏది మంచి సమయం?

సిరిమాను మంగళవారానికి నాలుగు వారాల ముందు నుంచి ఏ టూల్ వెర్షనూ ముట్టుకోకండి. ఆ నెలలో షాపుల నుంచి వచ్చే దిద్దుబాట్లు పాత కంపైలర్‌తోనే కట్టి పంపాలి. సెక్యూరిటీ లోపానికి ప్యాచ్ వస్తే అది మినహాయింపు, అప్పుడు కూడా చివరి అంకె మారే చిన్న వెర్షన్ మాత్రమే. పెద్ద మార్పులకు దీపావళి తర్వాత నుంచి సంక్రాంతి సందడి మొదలయ్యేలోపు దొరికే వారాలు బాగుంటాయి. ఏడాదికోసారి పెద్ద మూట దించే బదులు నెలకొక చిన్నది చేస్తే ఒక్కోటి గంటన్నరలో తేలుతుంది.

చేసే రోజు మంగళ, బుధవారాల ఉదయం అయితే మేలు. మార్చినవాడు మర్నాడు కూడా ఆఫీసులో ఉండాలి. పాత బిల్డ్ ఇమేజ్‌ను, పాత ట్యాగ్‌తోనే, కొత్త టూల్స్‌తో కట్టిన రిలీజ్ షాపుల్లో ఒక నెలాఖరు లెక్క, ఒక జీఎస్టీ రిటర్న్ దాటేదాకా చెరపకండి.